మీకు ఆయనేమవుతారు?

ఏ ఫారమైనా తీసుకోండి. పేరు, తండ్రి లేక భర్త పేరు, పుట్టిన తేదీ అయ్యాక "సంబంధం" అని ఒక గడి ఉంటుంది. కొన్నాళ్ళుగా ఈ గడి పంటి సందులో ఇరుక్కున్న మామిడి పీచులా నన్ను సతాయిస్తోంది. తీద్దామంటే రాదు, వదిలేద్దామంటే నాలుక ఊరుకోదు.

గడి నాకు కొత్తా అంటే కాదు. తడ బజార్లో నాది జిరాక్స్ షాపు. బోర్డు మీద జిరాక్స్ అని ఉంటుంది గానీ దానిమీద వచ్చేది టీ ఖర్చులకే సరి. అసలు వ్యాపారం ఫారాలు నింపడం. పింఛను, పాసుపుస్తకం, స్కాలర్‌షిప్పు, శ్రీసిటీలో ఉద్యోగాల అప్లికేషన్లు, తిరుమల దర్శనం టికెట్లు, ఏదైనా సరే. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా జనం సంబంధాలు గళ్ళలో సర్దుతుంటాను. ఇద్దరు పెళ్ళాలున్నాయన వస్తే ఎవరిని ఏ కార్డులో పెట్టాలో నాకు తెలుసు. ఎప్పుడో విడిపోయి, పథకం కోసం కాగితం మీద మాత్రం కలిసున్న ఆలుమగలు నాకు తెలుసు. అక్క కొడుకుని సొంత కొడుకుగా ఎక్కించమని వచ్చినవాళ్ళనీ, సొంత కొడుకు పేరు కొట్టేయమని వచ్చినవాళ్ళనీ కూడా చూశాను. ఇంతమంది గళ్ళు నింపినవాణ్ణి, నా గడి దగ్గరకొచ్చేసరికి పెన్ను గాల్లో పెట్టుకుని కూర్చున్నాను.

సంగతేమంటే, నేను గే. నాతో ఒకడుంటాడు. ఇక్కడ వాణ్ణి "మావాడు" అంటాను. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం, షిఫ్టు డ్యూటీ. ఏసీ ఇరవైనాలుగులో పెట్టాలా ఇరవైఆరులో పెట్టాలా అని పోట్లాడుకుంటూ చాలా ఏళ్ళుగా కాపురం చేస్తున్నాం. కాపురం కాదనేవాళ్ళు ఒక మే నెల రాత్రి మా ఇంట్లో పడుకుని చూడొచ్చు.

మొన్నామధ్య ఇద్దరం కలిసి జాయింటు ఖాతా తెరుద్దామని ఒక బ్యాంకుకి వెళ్ళాం. చేతులూపుకుంటూ పోలేదు. 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ ఒక మాట చెప్పింది: మాలాంటివాళ్ళు జాయింటు ఖాతా తెరవడానికి గానీ, తోడున్న మనిషిని నామినీగా పెట్టుకోవడానికి గానీ ఏ అడ్డూ లేదని. రిజర్వు బ్యాంకు అంతకు వారం ముందే బ్యాంకులన్నిటికీ ఇదే తాఖీదు పంపింది. అది మా షాపులోనే కలర్ ప్రింటు తీసి, లామినేషన్ చేయించి మరీ పట్టుకెళ్ళాను. కౌంటర్లో కుర్రవాడు మర్యాదస్తుడు. మొహం చిట్లించలేదు, పక్కసీటు వాడికి సైగ చేయలేదు. మొత్తం చదివాడు. చదివి, "కరెక్టే సార్. సర్క్యులర్లో ఉంది. సిస్టమ్‌లో లేదు," అన్నాడు.

మానిటర్ మావైపు తిప్పి చూపించాడు. సంబంధం అని నొక్కితే చాంతాడంత జాబితా దిగింది. భార్య, భర్త, తల్లి, తండ్రి, కొడుకు, కోడలు, అల్లుడు, మనవడు, తాత, అవ్వ, మేనల్లుడు, సంరక్షకుడు. మనిషికి ఇంతమంది ఉంటారా అనిపించింది. చివర్లో "బిజినెస్ పార్ట్‌నర్" కనిపించింది.

"ఇది పెడదామా సార్? పార్ట్‌నరే గదా?"

"ఏం వ్యాపారమని అడగదా?"

"అడుగుతుంది సార్. జీఎస్టీ నంబరు కూడా అడుగుతుంది."

"ఇతరులు అని ఉందే?"

"అది నొక్కితే వివరించమంటుంది సార్. వివరిస్తే పైఆఫీసుకి అప్రూవల్‌కి పోతుంది. పోయినవి మళ్ళీ వచ్చింది నేను చూళ్ళేదు."

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. అదే బాధ. తిట్టుంటే ఎదురు తిట్టేవాణ్ణి, నాకు ఆ విద్య బాగానే వచ్చు. వాడు మంచినీళ్ళిచ్చి, ఫ్యాను మావైపు తిప్పి, సిస్టమ్ ఒప్పుకోవట్లేదన్నాడు. మంచినీళ్ళిచ్చినవాడితో ఎట్లా పోట్లాడతాం?

చట్టం సంగతి మీకు తెలియంది కాదు. 1860లో తెల్లవాళ్ళు రాసిపెట్టిన 377వ సెక్షను ఒకటుండేది. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు మా మీద దాన్ని ఎత్తేసింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు మళ్ళీ పెట్టింది. 2018 సెప్టెంబరు 6న మళ్ళీ తీసేసింది. అంటే నేను నిర్దోషినయ్యాను, నేరస్థుణ్ణయ్యాను, తిరిగి నిర్దోషినయ్యాను. ఇన్ని జరిగినా షాపు ఒక్కపూట మూసింది లేదు.

తర్వాత పెళ్ళి సంగతి. ఇది మన తెలుగుగడ్డ మీద నుంచే పోయిన కేసు. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ దంగ్ అనే ఇద్దరు 2021 డిసెంబరులో ఊరి శివార్లలో బంధుమిత్రుల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. ఆ మరుసటేడు మా పెళ్ళిని చట్టం గుర్తించాలని సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2023 అక్టోబరు 17న అయిదుగురు జడ్జీల తీర్పు వచ్చింది. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ ఒక్కమాట మీదున్నారు. పెళ్ళి కాకపోయినా ఏదో ఒక రకం జంటగానైనా గుర్తించాలా అంటే ఇద్దరు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. ఒక్క ఓటుతో ఓడిపోవడం పంచాయతీ ఎన్నికల్లో చూశాం గానీ, పెళ్ళిళ్ళలో ఎప్పుడూ చూళ్ళేదు. ఆ తర్వాత మామూలే, కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ. ఆ కమిటీ పుణ్యమే ఈ బ్యాంకు కాగితం. రేషన్ విషయంలో కూడా మాలాంటి జంటని ఒకే కుటుంబంగా చూడమని రాష్ట్రాలకు ఉత్తరం రాశారు. ప్రేమ సంగతి తేలలేదు గానీ బియ్యం సంగతి తేలింది. ఈ దేశంలో ఇది చిన్న విషయమేం కాదు.

మా ప్రభుత్వాలకి గళ్ళు మార్చడం రాదనుకునేరు. 2022 ఏప్రిల్ 3 రాత్రి మేమంతా నెల్లూరు జిల్లా వాళ్ళుగా పడుకుని, 4వ తేదీ పొద్దున తిరుపతి జిల్లా వాళ్ళుగా లేచాం. ఎవరూ చాప కూడా చుట్టలేదు. మండలాలకి మండలాలు ఒక జిల్లా కింద నుంచి తీసి ఇంకో జిల్లా కింద పెట్టినవాళ్ళకి, జాబితాలో ఒక వరుస పెట్టడానికి చేతులు రావా? మేమింకా "మాది నెల్లూరు" అనే అంటామనుకోండి, అది వేరే సంగతి.

సరిహద్దులో ఉండటం వల్ల మాకు రెండు రాష్ట్రాల ఉపదేశాలూ అందుతాయి. 2024 అక్టోబరులో ఈవైపు చంద్రబాబు, ఎక్కువమంది పిల్లల్ని కనండి అన్నారు. అదే నెలలో ఆవైపు స్టాలిన్, సామూహిక వివాహాల వేదిక మీద, పదహారుమందిని కంటే ఏం అన్నట్టు మాట్లాడారు. చంద్రబాబు దిగులు, జనంలో ముసలివాళ్ళు పెరిగిపోతారని. స్టాలిన్ దిగులు, జనాభా తగ్గితే పార్లమెంటు సీట్లు తగ్గుతాయని. దిగుల్లో అర్థం లేకపోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో మన రాష్ట్రంలో ఒక్కో తల్లికి సగటున పిల్లలు 1.7 అని తేలింది, జనాభా నిలబడాలంటే 2.1 కావాలి. ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలో ఉన్న నిబంధనని కూడా 2024 నవంబరులో అసెంబ్లీ పీకేసింది. ఇన్నాళ్ళూ వద్దంటే కన్నవాళ్ళు తప్పుచేసినవాళ్ళు, ఇప్పుడు కనమంటే కననివాళ్ళు తప్పుచేసినవాళ్ళు. మేమిద్దరం మాత్రం రెండు కాలాల్లోనూ ఒకేలా ఉన్నాం. కుటుంబ నియంత్రణని ఇంత నిక్కచ్చిగా పాటించిన జంటకి అప్పట్లో ఎవరూ బకెట్టు కూడా ఇవ్వలేదు.

ఇంకో విడ్డూరం. ఇక్కణ్ణించి బండి మీద కాసేపు పోతే ఆరంబాక్కం, తమిళనాడు. మా ఊళ్ళో చాలామంది పెట్రోలు అక్కడే పోయించుకుంటారు, లీటరు మీద బాగానే మిగులుతుంది. 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, మాలాంటివాళ్ళని "మార్చేస్తాం" అనే వైద్యాలు చెల్లవన్నారు. ఆ కేసు వెంటే 2022లో తమిళనాడు పోలీసుల ప్రవర్తనా నియమాల్లో, మమ్మల్ని వేధించకూడదని ప్రత్యేకంగా ఒక నిబంధన చేర్చారు. అంటే చెక్‌పోస్టు దాటితే పెట్రోలు చౌక, మర్యాద రూలు. వెనక్కొస్తే రెండూ ఎవరి అదృష్టం వాళ్ళది.

రాజకీయం అట్లా ఉంటే, శాస్త్రమైనా ఆదుకుంటుందా అని చూశాను. మా బాబాయి రిటైరైన సైన్సు మాస్టారు. నా సంగతి మొదట తెలిసినవాళ్ళలో ఒకడు. ఏడవలేదు, అరవలేదు. శాస్త్రీయంగా ఆలోచించి, "ఇది మీ అమ్మ వైపు నుంచి వచ్చుంటుందిరా," అన్నాడు. నవ్వకండి, ఆయన దగ్గర ఆధారం ఉంది. 1993లో అమెరికాలో డీన్ హేమర్ అనే శాస్త్రవేత్త, దీనికి ఎక్స్ క్రోమోజోమ్ చివర ఒక ముక్కతో సంబంధం ఉండొచ్చని ప్రకటించాడు. మగవాడికి ఎక్స్ వచ్చేది తల్లి దగ్గర్నుంచే. దాంతో మా నాన్నవైపు వాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. చాలా ఏళ్ళు అమ్మ వైపు వాళ్ళు పెళ్ళిళ్ళలో మా బాబాయి పక్కన కూర్చునేవాళ్ళు కాదు. 2019లో ఆండ్రియా గన్నా బృందం 4,77,522 మంది జన్యువుల్ని జల్లెడ పట్టి, ఫలానా ఒక్క జన్యువు వల్ల అనేదేం లేదు, బోలెడన్ని చిన్నచిన్నవీ, వాటితోపాటు ఇంకా ఎన్నో కలిస్తేనని తేల్చింది. ఆ వార్త ప్రింటు తీసి అమ్మకి ఇచ్చాను. అమ్మ దాన్ని బాబాయికి చూపించింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "చిన్నచిన్నవి ఎక్కువ మీవైపే ఉండుంటాయి వదినా," అన్నాడు.

ఆయన్ని పక్షులతో లొంగదీద్దామనుకున్నాను. చలికాలం వస్తే పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగుతాయి. సూళ్ళూరుపేటలో పండగ చేస్తారు, 2025 జనవరిలో కూడా ఘనంగా చేశారు. జనం పిల్లల్ని భుజాలకెత్తుకుని వచ్చి, ఆ గులాబీ రంగు చూసి మురిసిపోతారు. ఆ రంగు పుట్టుకతో వచ్చింది కాదు, నీటిలో నాచూ సన్నరొయ్యలూ తినగా తినగా వచ్చింది. ఇంగ్లాండులో స్లిమ్‌బ్రిడ్జ్ అనే చోట కార్లోస్, ఫెర్నాండో అని రెండు మగ ఫ్లెమింగోలు ఏళ్ళ తరబడి జంటగా ఉండేవి. పక్క గూళ్ళలో గుడ్లు కాజేసి మరీ పొదిగేవి. 2007లో అక్కడి వాళ్ళు తల్లిదండ్రులు వదిలేసిన ఒక పిల్లని వాటికి అప్పగిస్తే చక్కగా పెంచాయి. ఫ్లెమింగోల్లో మగదానికి కూడా గొంతులో పాలలాంటిది ఊరుతుంది, పిల్లకి అదే పడతాయి. ఇదంతా బాబాయికి వివరంగా చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"అవి ఇంగ్లాండువి గదరా," అన్నాడు. "మన పులికాట్‌కి వచ్చేవి కచ్ నుంచి వస్తాయి. మంచి కుటుంబాలు."

మా ఊళ్ళో మురిక్కాలవ పొంగినా, కరెంటు పోయినా, "చందమామ మీదకి పోయాం గానీ" అని మొదలెడతారు. ఎదురుగా శ్రీహరికోట ఉంటే ఆ మాట నోట్లోంచి దానంతటదే వస్తుంది. నేను అననని ఒట్టు పెట్టుకున్నాను. ఒకటి మాత్రం అంటాను. 2025 జులై 30న ఇక్కణ్ణించే నిసార్ ఉపగ్రహం పైకిపోయింది. మా షాపు అద్దాలు గడగడలాడాయి. అది పన్నెండు రోజులకోసారి భూమినంతా చుట్టి చూస్తూ, నేల సెంటీమీటరు కుంగినా జరిగినా పట్టుకుంటుంది. మా ఇంటికింద నేల సంగతి దానికి తెలుస్తుంది. ఇంట్లో ఎవరికెవరేమవుతారో చెప్పడం దాని పని కాదు, ఒప్పుకుంటాను.

ఆరోగ్య శాస్త్రం దగ్గరకొస్తే నాకు నిజంగానే మండుతుంది. మా హీరోగారి పుట్టినరోజుకి అభిమానులం రక్తదాన శిబిరం పెడతాం. ఫ్లెక్సీ డిజైను నాది, ప్రింటింగు నాది, బిస్కెట్లూ ఫ్రూటీలూ నా చందాలోవి. రక్తం మాత్రం ఇవ్వకూడదు. 2017 జాతీయ మార్గదర్శకాల్లో, మగవాళ్ళతో సంబంధం ఉన్న మగవాళ్ళు దాతలుగా పనికిరారని రాసిపెట్టారు. ఇచ్చిన ప్రతి సీసానీ హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేశాకే ఎక్కిస్తారు. బ్రిటన్ 2021లో, అమెరికా 2023లో, నువ్వెవరివి అనడం మానేసి నీ అలవాట్లేమిటని అడగడం మొదలుపెట్టాయి. మావాడూ నేనూ ఇన్నేళ్ళుగా ఒకరికొకరం తప్ప ఎరగం. మాతో శిబిరానికొచ్చే కొందరు పెళ్ళైన అభిమానుల చరిత్ర నాకు తెలుసు, వాళ్ళ ఫారాలు నింపేది నేనే గనక. వాళ్ళ రక్తం దర్జాగా పోతుంది. నేను బిస్కెట్లు పంచుతాను.

ఇట్లా కోర్టూ సర్కారూ జీవశాస్త్రమూ తేల్చలేని సంబంధాన్ని, మా ఇంటి ఓనరమ్మ రెండు నిమిషాల్లో తేల్చేసింది.

గేటుకి "బ్యాచిలర్లకు ఇవ్వబడదు" అని బోర్డు. అయినా అడిగి చూద్దామని వెళ్ళాం. నెల్లూరు వాళ్ళం గదా, స్నేహితుడైనా సరే నోటికొచ్చేది "బావా"నే. మేడ మీద నేను, "బావా, ట్యాంకు మూతుందేమో చూడు," అని కేకేశాను. కింద ఓనరమ్మ చెవులు నిక్కబొడుచుకుంది.

"బావంటే? మేనత్త కొడుకా, మేనమామ కొడుకా?"

పెద్దావిడ ప్రశ్నకి తల ఊపడం మర్యాద. మొదటి మాట దగ్గర నా తల ఊగింది.

"అట్టైతే ఫ్యామిలీనే గదబ్బయా!" అని తాళాలు చేతిలో పెట్టింది. బ్యాంకు వాళ్ళ జాబితాలో లేనిది ఆమె నాలుకమీద ఉంది. ఇంటిపేర్లు వేరవడం కూడా సరిపోయింది, మేనత్త కొడుకు ఇంటిపేరు వేరే ఉంటేనే నమ్ముతారు. ఏ ఊరని అడిగితే, అప్పుడే హైవే మీద పోతున్న బస్సు బోర్డు చూసి "వాకాడు" అన్నాను. చెప్పొద్దూ, మా నాన్నకి అక్కచెల్లెళ్ళు లేరు. ఆ మధ్యాహ్నం ఒకామె పుట్టింది.

పుట్టినామెని పెంచొద్దూ? కొడుకుని చూడటానికి ఎందుకు రాదని ఓనరమ్మ అడిగింది. మోకాళ్ళ నొప్పులన్నాం. మరి ఇంట్లో కూర్చుని ఏం చేస్తుందంది. గేదె ఉందన్నాం, దాన్ని వదిలి రాలేదు పాపం. గేదె చూడిదా అంది. మావాడు ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే మనిషి, ఏ ప్రశ్నకీ "తెలీదు" అనడు. చూడిదే అన్నాడు. అన్నాక ఈనక తప్పుతుందా? ఓనరమ్మ నెలలు లెక్కపెట్టుకుని, ఒక ఆదివారం గుమ్మంలో నిలబడింది. "జున్ను తెచ్చిస్తావా మీ అమ్మ దగ్గర్నుంచి?"

సిటీలో ఉండేవాళ్ళకి అర్థం కాదు గానీ, జున్నుపాలు అడగ్గానే దొరికేవి కావు. ఎక్కడో ఒక గేదె మనకోసం ఈని ఉండాలి. సూళ్ళూరుపేటలో పాలవాళ్ళని అడిగాం, నాయుడుపేటలో అడిగాం. చివరికి వరదయ్యపాళెం అవతల ఒకాయన, దూడకి తగ్గించి మాకు పోశాడు, చెప్పిన రేటు నోరు మూసుకుని ఇచ్చాం. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి నిద్ర మానుకుని, బెల్లం తరిగి, మిరియాలూ యాలకులూ దంచి ఆవిరి మీద పెట్టాడు. వాకాడు నుంచి వచ్చినట్టుండాలని పాత స్టీలు క్యారేజీలో సర్దాం. ఓనరమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని చప్పరించింది.

"మిరియాలు ఎక్కువేసింది మీ అత్త. వాకాడు వాళ్ళ చెయ్యి అంతే."

మావాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వాడి వంటని అన్నందుకా, వాకాడుని అన్నందుకా అని అడిగితే చెప్పలేదు.

అంతటితో ఆగిందా? మేనత్త కొడుకు ఎదురుగా ఉండగా నీ చెల్లెల్ని బయటి సంబంధానికి ఎందుకిచ్చారని నిలదీసింది. తెలుగు ఇళ్ళలో ఈ ప్రశ్నకి జవాబు ఒక్కటే, స్థలం తగాదా. ఇరవై అంకణాల స్థలం మీద మా నాన్నకీ అత్తకీ మాటల్లేవని చెప్పాను. ఓనరమ్మ వెంటనే అత్త పక్షం చేరింది. "ఆడబిడ్డ సొమ్ము తిన్నోడు బాగుపడడబ్బయా," అని నాకేసి చూసిన చూపుకి, లేని అక్కచెల్లెలి స్థలం కాజేసిన మా నాన్న తరఫున తల దించుకున్నాను. ఆ నెల అద్దె ఒకటో తేదీనే ఇచ్చేశాను. ఎవరికేం చెప్పామో మర్చిపోకుండా షాపులో పాత కౌంటరుపుస్తకం వెనక రాసుకోవడం మొదలుపెట్టాం: గేదె, దూడ, బీపీ మాత్ర పొద్దున, షుగరు లేదు, మోకాలు కుడిది. ఎడమదని మావాడి వాదం. దానిమీద కూడా ఒక రాత్రి పోట్లాడుకున్నాం.

విసుగొచ్చి ఒక దశలో అత్తని పైకి పంపేద్దామా అనుకున్నాం. కుదరలేదు. ఓనరమ్మ కారు మాట్లాడుకుని వాకాడు బయల్దేరుతుంది, పెద్దకర్మకి పది మందిని వెంటబెట్టుకొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, కన్నకొడుకు గుండు చేయించుకోవాలి. మావాడికి జుట్టంటే ప్రాణం. ఆ జుట్టు వల్ల అత్త ఇప్పటికీ ఆరోగ్యంగా ఉంది. సంక్రాంతికి ఓనరమ్మ ఆమెకి చీర పెడుతుంది, ఉగాదికి జాకెట్ ముక్క. మా బీరువాలో ఒక అర మొత్తం అత్తది.

మావాడికి నిజంగానే అమ్మ ఉంది. కావలి వైపు. 2018 సెప్టెంబరులో తీర్పు వచ్చిన రోజు ఇంట్లో టీవీ నడుస్తోంది. కోర్టు ఒప్పుకుంది గదా, ఇప్పుడు చెబితే అమ్మ కూడా వింటుందని వాడనుకున్నాడు. అయిదుగురు జడ్జీలు ఒప్పుకున్నది ఆమె ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఫోను లేదు. మెట్ల మీద ఓనరమ్మ ఎదురైనప్పుడల్లా, "అమ్మకి ఎట్టుండాది నాయనా?" అంటుంది. వాడు ఆగి జవాబు చెబుతాడు. నొప్పి తగ్గిందంటాడు, నడుస్తా ఉందంటాడు, గుడిదాకా పోయొచ్చిందంటాడు. మొదట్లో నేను పక్కన నిలబడి నవ్వాపుకునేవాణ్ణి. పోయినేడు వాళ్ళ ఊరి మనిషి ఒకాయన పాస్‌పోర్టు ఫోటోలకి షాపుకొచ్చి, మాటల్లో, మీవాడి తల్లికి నెల్లూరులో మోకాలి ఆపరేషన్ అయిందన్నాడు. ఇంటికెళ్ళి చెప్పాను. ఏ మోకాలని వాడు అడగలేదు. మర్నాడు బీరువాలోంచి ఒక చీర తీసి కొరియర్ చేశాడు. చేరినట్టు ఫోన్లో మెసేజి వచ్చింది. అంతే వచ్చింది.

2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కలున్నాయి. ఈసారి కాగితాలు కాదు, ఫోన్లో ఎక్కిస్తారు, కావాలంటే ఎవరి వివరాలు వాళ్ళే నింపుకోవచ్చు. అంటే సగం తడ నా షాపు ముందు నిలబడుతుంది. అందులోనూ అదే గడి, కాకపోతే దానికి ముందు ఇంకోటి: ఇంటిపెద్ద ఎవరు? పెద్దని తేల్చాకే మిగతావాళ్ళు ఆ పెద్దకి ఏమవుతారో రాయాలి. మా ఇంట్లో ఇదింకా తేలలేదు. వయసులో నేను ఏడు నెలలు పెద్ద. జీతంలో వాడు పెద్ద. గ్యాసు వాడి పేరున, అద్దె కాగితం నా పేరున. వైఫై వాడిది, దాని బిల్లు కట్టేది నేను. సిలిండరు మోసేవాడే ఇంటిపెద్ద అని మావాడి సిద్ధాంతం. అయితే డెలివరీ కుర్రవాణ్ణే రాద్దామన్నాను. రెండు రోజులు మాటల్లేవు. చివరికి విసుగెత్తి, ఊరికే అడిగినట్టు ఓనరమ్మని అడిగాం.

"అత్త వుండంగా మీరిద్దరూ పెద్దలెట్టా అవుతారబ్బయా?" అంది.

వాకాడు పిన్‌కోడు ఎంతో చూడాలి.